ఒంటె ఎక్కే ముందు నడుమును అడగండి

కార్తీకమాసం యాత్రలకు అడ్వాన్సులు కడుతున్న వేటపాలెం, చీరాల వాళ్లు ఇది చదివాకే మిగతా డబ్బు కట్టండి. రాజస్థాన్‌లోని పుష్కర్‌లో బ్రహ్మదేవుడి గుడి చూసుకుని, కార్తీక ఏకాదశి నుంచి పున్నమి దాకా సాగే ఒంటెల సంతలో తిరిగి, ఓపిక ఉంటే జైసల్మేర్ దాకా పోయి ఇసుక తిన్నెల మీద ఒంటె ఎక్కి రావాలని చాలామందికి కోరిక. (బ్రహ్మ దర్శనమే ముఖ్యమైతే చేబ్రోలులో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించిన గుడి ఉంది. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.) కోరికలో తప్పు లేదు. ప్యాకేజీ కాగితంలో ‘ఒంటె సవారీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడంలోనే ఉంది తప్పంతా. ఆ ఒక్క ముక్క పది నిమిషాల సరదా కావచ్చు, రాత్రిళ్లు ఎడారిలో పడుకుంటూ రెండు మూడు రోజులు సాగే ప్రయాణమూ కావచ్చు. డెబ్బై ఏళ్ల తాతకూ పాతికేళ్ల మనవడికీ ఒకటే సవారీ, ఒకటే రేటు. ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో అడిగేవాడు లేడు.

ముందు ఒంటె సంగతి తెలుసుకోండి. కూర్చున్న ఒంటె మీదికి మనల్ని ఎక్కిస్తారు. అది లేస్తూ ముందుగా వెనుక కాళ్లు చాపుతుంది, మనిషి దాని మెడ మీదికి తూలతాడు. వెంటనే ముందు కాళ్లు లేపుతుంది, ఈసారి వెనక్కి విరుచుకుపడతాడు. దించేటప్పుడు ముందు మోకాళ్లు మడిచి కూలబడుతుంది, మళ్లీ ముందుకు తూలడమే. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. సవారీలో పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇక్కడే. వెనుక కాళ్లు లేపుతున్నప్పుడు మనం వెనక్కి వాలాలి, దిగేటప్పుడూ అంతే, చేతులు మాత్రం జీను వదలకూడదు. లేచి నిలబడ్డ ఒంటె మీద మనం నేలకు ఆరేడడుగుల ఎత్తున ఉంటాం. అరవై దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఎముకలు గుల్లబారి ఉంటాయి. కింద ఇసుకే కదా అనుకుంటే తుంటి ఎముక ఆ మాట వినదు.

ఇక నడక. ఒంటె ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేసి, తర్వాత రెండో పక్కవి వేస్తుంది. అందుకే పైన కూర్చున్నవాళ్లు కెరటాల మీద నాటుపడవలో ఉన్నట్టు ఊగుతూనే ఉంటారు. అరగంట బాగానే ఉంటుంది. రెండో గంటలో నడుము గుర్తొస్తుంది. ఆ తర్వాత తొడల లోపలి చర్మం ఒరుసుకుపోవడం మొదలవుతుంది. షుగరు ఉన్నవాళ్లకు అలాంటి పుండు ఎన్నాళ్లకు మానుతుందో వేరే చెప్పక్కర్లేదు. చాలా జీనులకు రికాబులు ఉండవు, కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతాయి.

“మాది కష్టం చేసే ఒళ్లండీ” అంటారు మనవాళ్లు. నిజమే. కానీ గుంటమగ్గంలో కూర్చుని జీవితమంతా నేసిన మనిషి నడుము ఎలా ఉంటుందో, జీడిపిక్కల దగ్గర పొద్దస్తమానం ఒకే తీరున కూర్చున్న ఆడమనిషి మోకాళ్లు ఎలా ఉంటాయో ఆ ఇళ్లలో వాళ్లకు తెలుసు. చేతుల్లో బలం ఉన్నంత మాత్రాన తొడలు ఎడంగా పెట్టి గంటలకొద్దీ ఊగుతూ కూర్చోగలమని కాదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునే కుర్రాళ్ల నడుములూ ఇంతకంటే గట్టివేం కావు. వాళ్లకు పైపెచ్చు మాకేంలే అన్న ధీమా ఒకటి.

తేల్చుకోవడానికి రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. రామాపురం బీచ్ మనకు పక్కనే ఉంది. తడి ఇసుక వదిలేసి, అడుగు దిగబడే పొడి ఇసుకలో ఒక గంట నడవండి. పొడుగు సవారీల్లో సగం దూరం ఒంటె పక్కన నడవాల్సి రావచ్చు, కాబట్టి ఈ పరీక్ష దండగ కాదు. ఇంటికొచ్చి బల్ల మీద అటొక కాలు ఇటొక కాలు వేసి, ఆనుకోకుండా గంటసేపు కూర్చోండి. చెయ్యి ఆసరా లేకుండా లేవగలిగారా? మర్నాడు పొద్దున నడుము ఏమంటోంది? ఈ రెండూ దాటలేనివాళ్లు పొడుగు సవారీ మాట మరిచిపోండి.

డిస్కు జారినవాళ్లు, మోకాలి మార్పిడి అయినవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అసలు ఒంటె వీపు ఎక్కొద్దు. ఒంటె బండి ఉంటుంది, హాయిగా కూర్చుని తిన్నెలు చూడొచ్చు, నామోషీ ఏమీ లేదు. అరవై దాటినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చదునైన చోట అరగంట చాలు. అదీ ఒక్కరే ఒక ఒంటె మీద. ఇద్దర్ని ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. బీచ్ పరీక్ష నెగ్గినవాళ్లు పూటసేపు సవారీ చేయొచ్చు. రాత్రి బసతో కూడినది, వెంట జీపు వస్తుందని మాట ఇస్తేనే.

ఎండ విషయంలో మన అనుభవమే మనల్ని మోసం చేస్తుంది. వేటపాలెంలో చెమట పడితే చొక్కా తడుస్తుంది, నీళ్లు తాగాలని మనకే తోస్తుంది. జైసల్మేర్ గాలి పొడిగాలి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చర్మం పొడిగా ఉంటుంది. చెమటే పట్టలేదు కదా అని నీళ్లు మానేస్తారు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉండండి. మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. బీపీకి నీళ్ల మాత్రలు వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. ఇన్సులిన్‌ను ఎండలో జీను సంచిలో వేయకూడదు. ఇక డిసెంబరు, జనవరి రాత్రులు అక్కడ పది డిగ్రీల లోపుకు దిగుతాయి, మన ఊలు శాలువా ఒక్కటి ఆనదు.

ప్యాకేజీ అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. మనం వెళ్లే ఆ చలికాలమే మగ ఒంటెలకు మదమెక్కే కాలం. నోటివెంట నురగ కారుతూ, పళ్లు నూరుతూ, గుడగుడమంటూ, నోటి పక్కనుంచి ఎర్రటి తిత్తి వేలాడదీస్తున్న ఒంటె కనిపిస్తే ఎక్కడం సంగతి అటుంచి సెల్ఫీకి కూడా దగ్గరకు పోవద్దు. ఒంటె కాటుకు ఎముకలు విరుగుతాయి.

దుబాయిలోనో సౌదీలోనో పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. 2012లో సౌదీలో బయటపడ్డ మెర్స్ వైరస్ అక్కడి ఒంటెల నుంచి మనుషులకు సోకుతుంది. షుగరు, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు ఆ ప్రాంతంలో ఒంటెలకు దూరంగా ఉండాలనీ, పచ్చి ఒంటె పాలు తాగొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సవారీలో ఒంటికి ఏమైనా అయితే, ఒంటెలు ఎక్కించే సమ్ ఇసుక తిన్నెల నుంచి జైసల్మేర్ ఊరు దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడ కుదరని వైద్యం కోసం జోధ్‌పూర్ పోవాలంటే ఇంకో 280. తిన్నెల మధ్య ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి రోజుకు ఎన్ని గంటలు ఒంటె మీద ఉంచుతారు, వెంట బండి ఉంటుందా, మధ్యలో దిగిపోతే ఏం చేస్తారు, ఇన్సూరెన్సు ఒంటె సవారీకి వర్తిస్తుందా అన్నవి టూరు వాళ్లచేత కాగితం మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే అడ్వాన్సు వెనక్కి అడగండి.

హిందీ రానివాళ్లు కనీసం రెండు మాటలు నేర్చుకుని రైలెక్కండి: రోకో, ఉతారో. ఆపు, దించు. కాళ్లు మొద్దుబారినా, కళ్లు తిరిగినా, ఊరికే భయం వేసినా మొహమాటపడకుండా గట్టిగా అరిచి చెప్పండి. వెనకాల ఎన్ని ఒంటెలు ఆగిపోయినా సరే.