మాటామంతీ: కుక్క ఉన్నవారికి ఇల్లు దొరకదా?

పోయిన నెల సంఘం సమావేశం ముగిసి అందరం కాఫీలు తాగుతూ ఉండగా, మేమంతా పిన్నిగారు అని పిలుచుకునే పెద్దావిడ మమ్మల్ని పక్కకు పిలిచారు. "నాయనా, ఎవరైనా చిన్న ఇల్లు అద్దెకు ఇస్తారేమో కాస్త కనుక్కుంటారా?" అని అడిగారు. ఇంత పెద్ద ఊళ్లో అద్దె ఇంటికి కరువా అనుకుని ధీమాగా సరేనన్నాము. "మా టామీ కూడా ఉంటాడు మరి" అని ఆవిడ చివరలో అన్న మాటను అప్పుడు పట్టించుకోలేదు.

టామీ పదకొండేళ్ల కుక్క. బాబాయిగారు బతికుండగా దిక్కులేని జంతువులను చేరదీసే చోటునుంచి తెచ్చి పెంచారు. ఇంగ్లండులో పుట్టినా దానికి వచ్చినది తెలుగే. "సిట్" అంటే మన మొహం చూస్తుంది, "కూర్చో" అంటే కూర్చుంటుంది. బాబాయిగారు పోయి మూడేళ్లయింది. కొడుకు వేరే ఊళ్లో ఉంటాడు, మనవలకు ఇంగ్లీషే వచ్చు. "రోజంతా నా తెలుగు వినేది వాడొక్కడే నాయనా" అన్నారు పిన్నిగారు. తెలుగు నిలబెట్టుకుందామని పెట్టుకున్న సంఘం మనది. ఆ మాట మాకు గుచ్చుకున్నది.

ఆవిడ ఉంటున్న ఇంటిని యజమాని అమ్ముకుంటున్నాడు. అది ఆయన ఇష్టం, తప్పు పట్టలేము. మేము తొమ్మిది చోట్లకు ఫోను చేశాము. కుక్క అనగానే ఎనిమిది చోట్ల కాదన్నారు. తొమ్మిదవ ఇల్లు మూడో అంతస్తులో ఉన్నది, లిఫ్టు లేదు. కాదన్న ఎనిమిది మందిలో ముగ్గురు మనవాళ్లేనని చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. కొడుకేమో "అమ్మా, వాణ్ణి ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికి వచ్చెయ్యి" అంటున్నాడు. ఆయన ఉండేదీ అద్దె ఇల్లే, అక్కడా కుక్కలకు వీల్లేదు.

ఈ గొడవలో పడిన తరువాతనే చట్టం ఏమంటున్నదో చూశాము. 2025 అక్టోబరు 27న ఆమోదముద్ర పడిన కొత్త అద్దెదారుల హక్కుల చట్టం ఇంగ్లండులోని ప్రైవేటు అద్దె ఇళ్లకు సంబంధించినది. అందులోని ముఖ్యమైన మార్పులకు 2026 మే 1 అమలు తేదీ. దాని ప్రకారం, జంతువును పెంచుకుంటామని అద్దెకున్నవారు రాతపూర్వకంగా అడగవచ్చు. యజమాని 28 రోజులలో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. సరైన కారణం లేకుండా కాదనకూడదు. కాదంటే కోర్టుకు వెళ్లవచ్చు. ఇది మంచి చట్టమే, కాదనము. ఎన్నో ఏళ్లుగా జంతు సంక్షేమ సంఘాలవారు అడిగి అడిగి సాధించుకున్నది.

అయితే ఇందులో ఒక లొసుగు ఉన్నది. ఈ హక్కు ఇంట్లో చేరినవారికే గాని, ఇల్లు వెతుక్కుంటున్నవారికి లేదు. పిల్లలున్నారనో, ప్రభుత్వ భృతి తీసుకుంటున్నారనో ఇల్లు ఇవ్వననడానికి వీల్లేదని ఇదే చట్టం చెప్పింది. కుక్క ఉన్నదని ఇవ్వననేవారి విషయంలో మాత్రం నోరు మెదపలేదు. అంటే గడప లోపల ఉన్నవారికి హక్కు, గడప బయట నిలబడ్డ పిన్నిగారికి నమస్కారం! ఉన్న కుక్కను దాచిపెట్టి ఇంట్లో చేరి, మర్నాడు అర్జీ పెట్టుకోమని చట్టమే అబద్ధాలు నేర్పుతున్నట్టున్నది. పిన్నిగారికి అబద్ధమాడడం రాదు.

బాధ్యతల దగ్గరికి వచ్చేసరికి చట్టం నసగదు. ఇంగ్లండులో కుక్కకు 2016 నుంచి, పిల్లికి 2024 జూన్ 10 నుంచి మైక్రోచిప్ వేయించడం తప్పనిసరి. వేయించకపోతే 500 పౌన్లదాకా జరిమానా పడవచ్చు. ఇదీ మంచిదే. కాని బాధ్యత అంత ఖచ్చితంగా రాసినవారు హక్కును కూడా అంత ఖచ్చితంగా రాయాలని మేమంటాము.

ఇక డబ్బు సంగతి. పోయిన చలికాలంలో టామీకి పన్ను పుచ్చి వాపు వస్తే పశువుల డాక్టరు రాసిన బిల్లు చూసి పిన్నిగారు బస్సు మానేసి నడవడం మొదలుపెట్టారు. ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. మార్కెట్లలో పోటీ సక్రమంగా ఉన్నదా లేదా అని చూసే ప్రభుత్వ సంస్థ ఈ వ్యాపారాన్ని విచారించింది. 2013లో పశువైద్యశాలలలో 10 శాతం మాత్రమే పెద్ద కంపెనీల చేతిలో ఉండేవి. ఆ తరువాత పదేళ్లలోనే అది 60 శాతం దగ్గరికి చేరింది. 2016 నుంచి 2023 లోపల వైద్యం ధరలు 63 శాతం పెరిగాయి. ధరల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలని, ఆసుపత్రి ఏ కంపెనీదో దాచకుండా చెప్పాలని ఆ సంస్థ 2025 అక్టోబరులో తన తాత్కాలిక నిర్ణయంలో సూచించింది.

ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. పశువైద్యం మీద 20 శాతం వ్యాట్. జంతువుల ఇన్సూరెన్సు మీద 12 శాతం పన్ను. ఇంట్లో పెంచుకునే కుక్క తిండి మీద 20 శాతం. గొర్రెల మందలను కాచే కుక్కల వంటి పనికుక్కల కోసమే తయారయ్యే తిండికి మాత్రం, కొన్ని నిబంధనలకు లోబడి, వ్యాట్ లేదు. గొర్రెను కాస్తే పని, ఒంటరి ముసలావిడను కాస్తే విలాసం అన్నమాట!

పేదవారి జంతువులకు ఈ దేశంలో దిక్కు లేదనలేము. 1917లో మరియా డికిన్ అనే మహాతల్లి లండనులోని వైట్‌చాపెల్ పేటలో, ఒక నేలమాళిగలో బీదల జంతువులకు ఉచిత వైద్యశాల తెరిచింది. అదే ఇవాళ పి.డి.ఎస్.ఎ. అనే పెద్ద సంస్థ. బ్లూ క్రాస్ వారు 1906లో లండను విక్టోరియాలో జంతువుల ఆసుపత్రి కట్టారు. వృద్ధుల కుక్కలను వాకింగుకు తీసుకువెళ్లడానికి సినమన్ ట్రస్టు 1985లో పుట్టింది. కాని ఇవన్నీ దాతల చందాల మీద నడిచేవి. వందేళ్లనాడు ఒక మహాతల్లి ఎత్తుకున్న బరువును ప్రభుత్వం ఇంకా దాతల నెత్తినే ఉంచింది.

అందుకని మేము అడగదలచుకున్నవి మూడు.

ఒకటి: పిల్లలున్నవారి విషయంలో చెప్పినట్టే, పెంపుడు జంతువు ఉన్నదన్న ఒక్క కారణంతో ఇల్లు నిరాకరించరాదని చట్టంలో చేర్చాలి. ఇల్లు మరీ ఇరుకైతేనో, ఇంట్లో ఇంకొకరికి జంతువులు పడకపోతేనో ఆ మాట చెప్పి కాదనవచ్చు.

రెండు: ఇంటి గ్యాసుకు, కరెంటుకు వ్యాట్ 5 శాతమే కదా. టీకాలకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే వైద్యానికి అదే రేటు పెట్టాలి. పెన్షన్ క్రెడిట్ తీసుకునే వృద్ధులకు అసలు పన్నే ఉండకూడదు.

మూడు: ఇంటి యజమానుల భయం కూడా నిజమే. తివాచీ పాడవుతుంది, తలుపులు గీరుతుంది. 2019 చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్లకు అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ పుచ్చుకోరాదు. కొత్త చట్టం తయారయ్యేటప్పుడు జంతువుల కోసం మూడు వారాల అద్దె అదనంగా పుచ్చుకోవచ్చునని ప్రభువుల సభ అన్నది, కామన్సు సభ వద్దన్నది. అద్దెదారు చేత ఇన్సూరెన్సు కట్టించుకోవచ్చునన్న నిబంధన కూడా మధ్యలోనే పోయింది. పేదవాని మీద భారం పడలేదని సంతోషమే. కాని ఆ భయం పోకపోతే తలుపు తెరుచుకోదు. కాబట్టి తక్కువ ఆదాయం ఉన్నవారి తరఫున కౌన్సిలు హామీ ఉండాలి. నష్టం జరిగితే కౌన్సిలు ఇస్తుందని యజమానికి ధైర్యం కలగాలి.

"మనుషులకే ఇళ్లు లేవు, కుక్కలకు సర్కారు సొమ్మా?" అని సంఘంలోనే ఒక పెద్దమనిషి మమ్మల్ని నిలదీశారు. అయ్యా, ఇల్లు లేనిది పిన్నిగారికే. మేము మాట్లాడుతున్నది మనుషుల గురించే. కుక్క తోక పట్టుకొని గోదారి ఈదలేమని మన పెద్దలు అన్నారు. నిజమే కావచ్చు. కాని తోడు పోయిన తరువాత పొద్దున్నే లేవడానికి, నాలుగడుగులు బయట వేయడానికి, నలుగురిని పలకరించడానికి ఆ తోకే ఆధారమైనవారిని మేము ఈ దేశంలో చాలామందిని చూశాము. కుక్కను వదిలి రమ్మంటే స్వర్గమే వద్దన్న ధర్మరాజు కథ చెప్పుకునే జాతి మనది. పిన్నిగారు స్వర్గం అడగలేదు, కింది అంతస్తులో ఒక గది అడిగారు.

మనలో ముందుగా వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. ఫోనులో ఇల్లు ఖాళీ అని చెప్పి, మన మొహం చూడగానే ఇప్పుడే ఇచ్చేశామన్న రోజులు ఉండేవి. ఇళ్ల విషయంలో అలా రంగు, జాతి చూడడం చట్టవిరుద్ధమని 1968లో ఈ దేశపు పార్లమెంటు తేల్చింది. మనిషికి జరిగిన ఆ అవమానమూ ఇదీ ఒకటేనని మేము అనడం లేదు. కాని మూసుకున్న తలుపు ముందు నిలబడడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, తలుపు వేసే ముందు ఒక్క క్షణం ఆగాలి కదా.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. ఇదంతా రాయడానికి కూర్చున్నాక, మేము అద్దెకిచ్చిన చిన్న ఇంటి ఒప్పందం కాగితం బయటకు తీసి చూశాము. ఏజెంటు ఇచ్చిన నమూనా అది, చదవకుండానే సంతకం పెట్టాము. నాలుగో పేజీలో ఉన్నది: జంతువులకు అనుమతి లేదు. ఆ ఇంట్లో ఉన్న దంపతులకు ఆ మాట చెల్లదని నిన్ననే ఉత్తరం రాశాము. ఇల్లు ఖాళీగా ఉంటే పిన్నిగారికే ఇచ్చేవాళ్లం.

ఇళ్లున్న సభ్యులందరికీ మా మనవి ఇదే. మీ కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. మీ ఎంపీకి నాలుగు ముక్కలు రాయండి. పై మూడు కోరికలతో ఇంగ్లీషులో ఉత్తరం నమూనా తయారుచేశాము, వచ్చే సమావేశంలో కాఫీల బల్ల మీద ఉంటుంది. కింది అంతస్తులో చిన్న ఇల్లు ఎవరికైనా ఉంటే, ఈ నెలాఖరులోగా మాకు కబురు చేయండి. గడువు దగ్గరపడుతున్నది. టామీ మొరగడు, అద్దె ఒకటో తారీఖున వస్తుంది. కాకపోతే వాణ్ణి తెలుగులో పిలవాలి.