పగలు ఇంట్లో ఉండేది మనమే కదా!

ఈమధ్య ఏ వీధిలో తలెత్తి చూసినా డాబాల మీద సోలార్ ప్యానెల్సే. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ అనేసరికి మనలాంటి మధ్యతరగతి వాళ్లకీ ధైర్యం వచ్చింది. సంతోషమే. నాకు నచ్చనిది ఒక్కటే. బిగించడానికి వచ్చినవాళ్లు అన్నీ ఇంటాయనకే చెప్తారు, యాప్ ఆయన ఫోన్‌లోనే వేస్తారు. ఎండ ఉండేదేమో పగలు. పగలు ఇంట్లో ఉండేది మనం!

మా ఇంట్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ మీద ఎర్రలైటు వెలిగింది. ఫోన్ చేస్తే, "సార్ వచ్చాక చేయించండి మేడమ్" అన్నారు. సార్ వచ్చేసరికి ఎండా లేదు, ఎర్రలైటూ లేదు! ఇక ఆయన ఏం చూసి చెప్తారు? తెర మీద వోల్టేజీ ఎంత చూపిస్తోందో ఆ నిమిషంలోనే ఫోటో తీసి ఉంచాలి. మామూలుగా 230 దగ్గర ఉండాల్సింది బాగా పెరిగితే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది లైన్‌లో ఇబ్బంది, కరెంటాఫీసు వాళ్లు చూడాల్సింది.

ఇంకో అనుమానం అందరికీ వస్తుంది. "ఇంత ఎండ కాస్తుంటే మనింట్లో కరెంటు పోవడమేంటి?" అని. బ్యాటరీ లేని సోలార్ అయితే వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటది. రిపేరు అనుకుని కంగారు పడక్కర్లేదు.

మాటిమాటికీ ట్రిప్పవుతుంటే సోలార్‌నే తిట్టుకోకండి. బోర్డులో చిన్న స్విచ్చులన్నీ ఆపి, పెద్దది వేసి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేయగానే పడిపోతుందో తప్పు ఆ దారిలోనే ఉంది. చాలాసార్లు గీజరో, తడిసిన మోటారో దొరుకుతుంది. దాన్ని ఆపేసి ఉంచితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మిగతా ఇల్లు నడుస్తుంది. అన్నీ ఆపినా పెద్ద స్విచ్ నిలబడకపోతే మాత్రం బలవంతంగా వేయొద్దు.

బిల్లు పెరిగితే ముందు ఇన్వర్టర్‌లో రోజువారీ యూనిట్లు చూడండి. మంచి ఎండరోజున కిలోవాట్‌కి నాలుగు యూనిట్ల చొప్పున, మూడు కిలోవాట్లకు ఇంచుమించు పన్నెండు రావాలి. బాగా తగ్గాయంటే ప్యానెల్స్ మీద దుమ్మో, పక్కింటి కొబ్బరిమట్ట నీడో పడుతూ ఉండొచ్చు. కడిగేది పొద్దున్నే, ఎండెక్కకముందే. కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. యూనిట్లు బాగానే వస్తుంటే మన వాడకమే పెరిగిందేమో చూసుకోవాలి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఇంట్లో మెయిన్ ఆపేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్స్ నుంచి ఇన్వర్టర్‌కి దిగే వైర్లలో కరెంటు ఉంటుంది. ఆ వైర్లూ, ఆ పెట్టె మనం ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. కాలిన వాసన వస్తే దూరంగా జరిగి మనిషిని పిలవడమే.

ఇదంతా పెద్ద చదువేం కాదండీ. కుక్కర్ విజిల్ తేడాగా వస్తే గాస్కెట్ సంగతి పసిగట్టేవాళ్లం, ఇది పట్టుకోలేమా? కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఆ కుర్రాళ్లు మెట్లు దిగి వెళ్లకముందే ఆపి, "బాబూ, నాకూ చెప్పు, నా ఫోన్‌లోనూ యాప్ వెయ్యి" అనండి. ఏ స్విచ్ దేనిదో తెలుగులో రాయించి బోర్డు పక్కన అంటించండి. లక్షల ఖర్చుతో పెట్టించుకున్న వస్తువు ఇంట్లో ఉంటే, దాని గురించి ఇంట్లో ఉండే మనిషికి తెలియకపోవడం ఏం న్యాయం చెప్పండి?