పంచెకట్టు, అభిరుచి

నాగారము, ఉప్పల్, నాచారము ప్రాంతములందు పెండ్లి ముహూర్తములు వచ్చినప్పుడు కల్యాణమండపములలో ఒక వాదము తరచుగా వినవచ్చుచున్నది. వరుడు షేర్వాణీ కోరును. తాతగారు పంచె కట్టుమందురు. తల్లి మధ్యేమార్గముగా, కుచ్చిళ్లు ముందే కుట్టి నడుమునకు అంటుకొను పట్టీ అమర్చిన పంచెను అంగడినుండి తెచ్చును. ఇది పెండ్లితో తీరిపోవు తగవైనచో వ్రాయనక్కరలేదు. పాఠశాలలలో, కళాశాలలలో సంప్రదాయ వేషదినము జరుపునప్పుడు ఇదే ప్రశ్న విద్యార్థుల ముందు నిలుచుచున్నది: సంప్రదాయము ఎంతవరకు? స్వంత ఇష్టము ఎంతవరకు?

షేర్వాణీ పరాయిదను మాట హైదరాబాదులో చెల్లదు. నిజాము కాలమున ఈ నగరమున హిందువులు, ముస్లిములు ఇరువురును దానిని ధరించిరి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున తొలితరముల విద్యార్థుల వేషము అదియే. అదే కాలమున చుట్టుప్రక్కల పల్లెలలో పెద్దల ఉడుపు ధోతి, అంగీ, తలకు రుమాలు. లాల్చీ కండువాలు మాత్రమే తెలుగు వేషమని పట్టుపట్టువారు ఈ రుమాలును మరచుచున్నారు. ఇక సెప్టెంబరు 5వ తేదీన బడులలో పూలదండ వేయు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటమును చూడుడు: తెల్లని తలపాగా, గుండీల పొడుగు కోటు, క్రింద పంచె. కోటు కుట్టినది, పంచె కుట్టనిది. ఆ కలయిక ఒకప్పుడు క్రొత్తదే. నేడు దానిని కాదనువారు లేరు.

వేషమును గూర్చి మిక్కిలి పట్టింపు గల స్కాట్లండు కొండసీమవారి కథయు ఇట్టిదే. వారి కిల్టు మొదట కుట్టని పొడవైన ఉన్నిగుడ్డ. మడతలు పెట్టి నడుమునకు పట్టీ బిగించి, మిగిలినదానిని భుజముపై వేసికొనెడివారు. 18వ శతాబ్దమున దాని క్రిందిభాగమే విడివడి పొట్టి కిల్టయినది. తరువాత మడతలను కుట్టివేసిరి. 1746లో బ్రిటిషు పార్లమెంటు ఆ వేషమును నిషేధించెను. 1782లో నిషేధము తొలగెను. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు, సర్ వాల్టర్ స్కాట్ తీర్చిన ఉత్సవములలో, స్వయముగా ఆ వేషమున కొలువుదీరెను. వంశమునకొక గళ్ల నేత యను కట్టుబాటు చాలవరకు ఆ కాలము నుండి స్థిరపడినదే. అయినను మడతలు వెనుకనుండవలెను, అంచు మోకాలికడ ఆగవలెను అను నియమములు నిలిచినవి.

కాబట్టి కుట్టిన కుచ్చిళ్లను చూచి ముఖము చిట్లించుట తొందరపాటే. ముహూర్తము మించిపోవుచుండగా వరుడు పట్టీ అంటించుకొన్నచో కొంపలు మునుగవు. కాని కట్టుట తెలిసినవాడు ఇంటికొక్కడైనను మిగులకపోవుట వేరు విషయము. పద్యమునకు గణములను, యతిప్రాసలను ఛందస్సు విధించును, పదములు కవివి. కుచ్చిళ్లు సమముగా తీర్చుట, గోచి వెనుకకు దోపుట, అంచు చీలమండకడ నిలుపుట పంచెకు ఛందస్సు. పొందూరు ఖద్దరా, గద్వాల జరీ అంచా, ఉప్పల్‌కు ఎంతో దూరములేని భూదాన్ పోచంపల్లి చిటికి నేతయా, పైన లాల్చీయా, చొక్కాయా అనునది కట్టువాని ఇష్టము. నేడు జరుగుచున్నది తలక్రిందు. రంగునకు, పట్టునకు పట్టుదల, కట్టునకు ఉపేక్ష. ఒక్కనాటి వేడుకకై చాలీచాలని జీతపు తండ్రి పట్టుపంచె కొనుచున్నాడు; దానిని కట్టుట మాత్రము కొడుకునకు ఎవరును నేర్పుట లేదు.

ఉపాధ్యాయులు తలచినచో ఇది ఒక పీరియడు పని. తాతలలో ఒకరిని బడికి పిలిచి, నూలుపంచెతో కట్టి చూపుమనవచ్చును. బహుమతిని జరీకి గాక, తన పంచె తానే కట్టుకొన్న పిల్లవానికి ఈయవలెను. ఇష్టము లేనివానిని బలవంతపెట్టరాదు. కట్టుకొని వచ్చినవానిని నవ్వనీయరాదు. మొదట రెండుమూడు సార్లు కుచ్చిళ్లు జారును. పైన బెల్టు బిగించుకొన్నను తప్పులేదు. తాతలును మొలత్రాడును నమ్ముకొన్నవారే.