యంత్రం కంటే ముందు మనిషి
పుదూరు నుంచి ఒక ప్రణాళిక

కోవిల్‌పట్టికీ విరుదునగరానికీ నడుమ ఈ నల్లరేగడి నేలలో, ఇంట్లో తెలుగూ బజారులో తమిళమూ మాట్లాడుకుంటూ బతికేవాళ్లం మేము. మాలో పశువుల డాక్టర్లున్నారు, మనుషుల ఆస్పత్రుల్లో, గుండె ఆపినప్పుడు ఒంట్లో రక్తం ఆడించే బైపాస్ యంత్రం నడిపే పెర్ఫ్యూషనిస్టులున్నారు, కుక్కల్ని సాకేవాళ్లున్నారు. పుదూరులో కుక్కలకు గుండె ఆపరేషన్లు చేయమని మేము అడగడం లేదు. ఇక్కడి గొడ్లకు వేళకు గాలికుంటు టీకా, మేకలకు నట్టల మందు అందడం ముఖ్యం. వాటికయ్యే డబ్బులోంచి పైసా తీసి గుండె ఆపరేషన్లకు పెట్టమనేవాడు మాలో ఒక్కడూ లేడు. మేము అడిగేది వేరు. తమిళనాడులో ఒక జంతువు గుండెను ఆపి, తెరిచి, బాగుచేసే రోజు వస్తే, ఆ సమయంలో దాని ప్రాణాన్ని చేతిలో పెట్టుకుని యంత్రం నడిపే మనిషి అప్పటికే తయారై ఉండాలి.

రాజపాళయం, చిప్పిపారై, కన్ని. ఈ పక్క పుట్టిన వేటకుక్కల పేర్లివి. రాజపాళయం కుక్కకు 2005లో తపాలా బిళ్ల కూడా వేశారు. అయితే గుండెలోని మైట్రల్ కవాటం చెడిపోయే జబ్బు ఎక్కువగా పట్టేది చిన్నజాతి కుక్కల్నే, అదీ వయసు మళ్లాక. ఊళ్లో ముసలి పొమేరియన్ రాత్రిపూట దగ్గుతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని అన్నం ముద్ద మింగిస్తారు. గుండె ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతోందని తెలిసేసరికి నెలలు గడుస్తాయి. మందులతో ఆయుష్షు కొంత పెరుగుతుంది గానీ కవాటం అతుక్కోదు.

అతికించేవాళ్లు ఉన్నారు. జపాన్‌లోని యోకోహామాలో మసామి ఉయేచి బృందం చిన్న కుక్కల గుండెను ఆపి, కవాటాన్ని పట్టి ఉంచే తంతువులు తెగిన చోట కృత్రిమ తంతువులు కుట్టి, మళ్లీ కొట్టుకునేలా చేస్తోంది. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ బృందం కూడా ఈ పని చేసింది. ఈ కథలు చెప్పుకునేటప్పుడు అందరూ సర్జన్ పేరే చెబుతారు. యంత్రం దగ్గర ఎవరు కూర్చున్నారని ఎవరూ అడగరు. మా తగువంతా అక్కడే.

లెక్క చూడండి. కుక్క ఒంట్లో కిలోకు ఇంచుమించు 85 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. నాలుగు కిలోల కుక్కకు మొత్తం 340. పెద్దవాళ్లకు వాడే బైపాస్ గొట్టాలూ, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటరూ నింపడానికే లీటరు దాకా ద్రవం పడుతుంది. దాన్ని ఈ కుక్కకు తగిలిస్తే రక్తం పలచబడి నీళ్లయిపోతుంది. కాబట్టి పసిపిల్లలకు వాడే సరంజామా కావాలి, గొట్టాలు ఇంకా కురచ చేయాలి, దాత కుక్క రక్తం గ్రూపు చూసి సిద్ధంగా ఉంచాలి. కుక్క రక్తం మనిషి రక్తం కంటే త్వరగా గడ్డకడుతుంది గనక, గడ్డకట్టకుండా చూసే హెపారిన్ మందు మోతాదునూ, గడ్డకట్టే సమయాన్నీ వేరే కళ్లతో చూడాలి. ఆ నాలుగు కిలోల కుక్కకు నిమిషానికి సుమారు 400 మిల్లీలీటర్లు పంపాలి. రక్తం నిలవ ఉండే రిజర్వాయర్ డబ్బాలో 80 మిల్లీలీటర్లే ఉన్నప్పుడు గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టం మెలిక పడితే, డబ్బా ఖాళీ అయ్యి గాలి మెదడుకు పోవడానికి పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లలో ఎవరినీ అడిగే వీలుండదు. కరెంటు పోతే యంత్రానికి చేతి పిడి తగిలించి లెక్క తప్పకుండా తిప్పాలి. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే, సెలవుల్లో రెండురోజుల వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణను మేము శిక్షణ అనం. అమెరికాలో పెర్ఫ్యూషనిస్టు తన అర్హత నిలుపుకోవాలంటే ఏటా కనీసం 40 కేసులు చేయాలి. అన్ని కుక్కల కేసులు ఇక్కడెక్కడొస్తాయి? రావు. కాబట్టి మనుషుల థియేటర్‌లో రోజూ చేయి ఆడే పెర్ఫ్యూషనిస్టుకే జంతువుల శరీరం నేర్పాలి. పశువుల డాక్టర్ ఆ థియేటర్‌లో నెలల తరబడి పక్కన నిలబడాలి. ఇద్దరూ కలిసి నీళ్లు నింపిన సర్క్యూట్ మీద గొట్టం మెలికా, కరెంటు కోతా, గాలి బుడగా వందసార్లు ఎదుర్కోవాలి. గొట్టాలు అమర్చడం కబేళా నుంచి తెచ్చిన మేక గుండె మీద నేర్చుకోవాలి.

వీధికుక్కల మీద నేర్చుకోవడాన్ని మేము ఒప్పుకోం. ఎందుకంటే బాకీ ఇప్పటికే చాలా ఉంది. 1916లో జే మెక్లీన్ హెపారిన్‌కు దారి చూపింది కుక్క కాలేయం మీద పని చేస్తూనే. జాన్ గిబ్బన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ల అమ్మాయి గుండెను యంత్రం సాయంతో బాగుచేయడానికి ముందు ఏళ్ల తరబడి పిల్లుల మీద, కుక్కల మీద ఆ యంత్రాన్ని దిద్దుకున్నాడు. మనుషుల గుండె ఆపరేషన్ వాటి ప్రాణాలతో నేర్చుకున్నదే. తిరిగి వాటికే చేసే వేళ మళ్లీ వాటినే బలిపెట్టడం న్యాయం కాదు.

ఢిల్లీలో 2024లో ఒక బీగిల్‌కు గుండె ఆపకుండానే కవాటానికి క్లిప్ పెట్టారు గదా, ఇక యంత్రమెందుకని అడుగుతారు. క్లిప్‌తో కుదిరిన కుక్కకు క్లిప్పే మేలు, సందేహం లేదు. కానీ అన్ని కవాటాలకూ అది సరిపడదు, గుండెలోని పెద్ద రంధ్రాలను కుట్టాలంటే తెరవాల్సిందే.

యజమానికి ఖర్చు, ప్రాణాపాయం, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి చేయాల్సిన సేవ ముందే తెలుగులోనో తమిళంలోనో చెప్పాలి. వద్దంటే గౌరవించి మందులతో సాగనివ్వాలి.

1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య, పశు విజ్ఞాన విశ్వవిద్యాలయానికి 2012 నుంచి తిరునెల్వేలిలో కాలేజీ ఉంది. మదురై ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ల విభాగం ఉంది. ఈ రెంటి మధ్య ఒప్పందం రాసుకుని, ఒక పశువైద్యుడికీ ఒక పెర్ఫ్యూషనిస్టుకూ కలిపి రెండేళ్ల శిక్షణ ఇవ్వండి. స్టైపెండ్‌తో మొదట ఒక్క జత చాలు. యంత్రం కొనే టెండరు ఆ తర్వాత పిలవండి.