పక్క రాష్ట్రానికి తీసుకెళ్లిన పిన్ని నేరస్తురాలేనా?

అమెరికాలోని ఐడహో రాష్ట్ర రాజధాని బోయిసీ నుంచి ఒరెగాన్ రాష్ట్రంలోని ఒంటారియో పట్టణానికి కారులో గంట ప్రయాణం. ఐడహోలో గర్భస్రావంపై దాదాపు పూర్తి నిషేధం ఉంది. ఒరెగాన్‌లో అది చట్టబద్ధం, తల్లిదండ్రుల అనుమతి కూడా అడగరు. గర్భం దాల్చిన పదహారేళ్ల అమ్మాయి ఇంట్లో చెప్పలేక పిన్ని దగ్గర ఏడిస్తే, ఆమె కారు తీసి ఒంటారియో వైపు బయలుదేరిందనుకుందాం. అమ్మాయి చేసింది నేరం కాదు. ఒరెగాన్ డాక్టరు చేసేదీ అక్కడ నేరం కాదు. పిన్నికి మాత్రం రెండు నుంచి అయిదేళ్ల జైలు శిక్ష పడవచ్చు.

2023 ఏప్రిల్‌లో గవర్నర్ బ్రాడ్ లిటిల్ సంతకం చేసిన చట్టం దీనికి పెట్టిన పేరు ‘అబార్షన్ ట్రాఫికింగ్’. ఆడపిల్లల అక్రమ రవాణాకు వాడే మాటను మేనకోడలిని క్లినిక్‌కు తీసుకెళ్లే బంధువుకు తగిలించడంలోనే చట్టసభ ఉద్దేశం తెలిసిపోతుంది. మైనర్ గర్భస్రావం విషయాన్ని తల్లిదండ్రుల నుంచి దాచే ఉద్దేశంతో ఆమెను ‘చేర్చుకోవడం, ఆశ్రయమివ్వడం, రవాణా చేయడం’ నేరాలని చట్టం అంటోంది. పక్క రాష్ట్రంలో జరిగే పనిని శిక్షించే అధికారం ఐడహోకు లేదు కాబట్టి, తన భూభాగంలో సాగే ప్రయాణాన్ని పట్టుకుంది. అంటే నేరం జరిగేది క్లినిక్‌లో కాదు, సరిహద్దుకు ఇవతలి రోడ్డు మీద. క్లినిక్ వేరే రాష్ట్రంలో ఉందన్న వాదన చెల్లదని కూడా రాసిపెట్టారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారని నిరూపించుకోవలసిన భారం నిందితులదే. స్థానిక ప్రాసిక్యూటర్ కేసు పెట్టడానికి నిరాకరిస్తే అటార్నీ జనరలే రంగంలోకి దిగవచ్చు.

ఈ ఆలోచన 2022లో రో తీర్పు రద్దయ్యాక పుట్టింది కాదు. 1995లో పెన్సిల్వేనియాలో పదమూడేళ్ల బాలికను ఒక మహిళ న్యూయార్క్ రాష్ట్రానికి తీసుకెళ్లి గర్భస్రావం చేయించింది. పెన్సిల్వేనియాలో తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి తప్పనిసరి, న్యూయార్క్‌లో కాదు. బాలికను తీసుకెళ్లింది గర్భానికి కారకుడైన యువకుడి తల్లి. కన్నతల్లికి విషయం తర్వాతే తెలిసింది. ఆ తల్లి ఆక్రోశాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. బిడ్డపై జరిగిన నేరాన్ని కప్పిపుచ్చాలనుకునేవారే ఆమెను దూరం తీసుకెళ్లే అవకాశం నిజంగానే ఉంది. ఇలాంటి ప్రయాణాలను ఫెడరల్ నేరంగా మార్చే బిల్లులు ఆ తర్వాత అమెరికన్ కాంగ్రెస్‌లోకి మళ్లీ మళ్లీ వచ్చాయి. 2006లో సెనేట్ 65-34 ఓట్లతో ఆమోదించినా, ప్రతినిధుల సభ బిల్లుతో పొత్తు కుదరక అది చట్టం కాలేదు. ప్రతినిధుల సభ కోరినదాని ప్రకారం వేరే రాష్ట్రం నుంచి మైనర్ వస్తే డాక్టరు 24 గంటల ముందు తల్లిదండ్రులకు కబురు చేయాలి.

అప్పటి వాదనకూ ఇప్పటి చట్టాలకూ మధ్య పెద్ద తేడా ఉంది. 1979లో బెలోటీ కేసులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రుల సమ్మతి అడిగే రాష్ట్రాలు బాలికకు మరో దారి కూడా చూపాలంది. ఇంట్లో చెప్పలేని అమ్మాయి జడ్జి ముందుకు వెళ్లి, తాను నిర్ణయం తీసుకోగలనని ఒప్పించవచ్చు. తండ్రే లేదా సవతి తండ్రే కారకుడైన ఇళ్లకు ఆ కిటికీ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ కిటికీ గర్భస్రావ హక్కు అనే గోడకు బిగించినది. 2022లో డాబ్స్ తీర్పు గోడనే కూల్చింది. నిషేధం ఉన్న రాష్ట్రంలో జడ్జి అనుమతించినా చేసే డాక్టరు దొరకడు. మిగిలింది రోడ్డు ఒక్కటే, దానిపైనా ఇప్పుడు కాపలా పెడుతున్నారు. అదే డాబ్స్ కేసులో జస్టిస్ కావనా వేరుగా రాసిన అభిప్రాయంలో, గర్భస్రావం కోసం వేరే రాష్ట్రానికి వెళ్లకుండా అడ్డుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రయాణ హక్కు ప్రకారం కుదరదన్నారు. కానీ లైసెన్సు, కారు, డబ్బు లేని పదిహేనేళ్ల పిల్లకు తోడెవరూ లేకపోతే ప్రయాణ హక్కు కాగితం మీదిదే.

కోర్టులు ఇప్పటిదాకా పట్టుకున్నది ఒక్క కొసనే. 2024 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఐడహో చట్టంలో ‘చేర్చుకోవడం’ అన్న భాగాన్ని ఆపింది. సలహా, సమాచారం, ధైర్యం చెప్పడం కూడా దాని కిందికి వస్తాయని, అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని చెప్పింది. ఆశ్రయం, రవాణా భాగాలు మాత్రం అమల్లోకి వచ్చాయి. క్లినిక్ ఎక్కడుందో చెప్పవచ్చు, తీసుకెళ్లకూడదు! 2024లో టెనెస్సీ తెచ్చిన ఇలాంటి చట్టానికీ ఫెడరల్ కోర్టులో అదే కారణంతో ఎదురుదెబ్బ తగిలింది.

ఇదంతా తల్లిదండ్రుల హక్కుల కోసమేనా అన్న సందేహానికి లూసియానా కారణమిచ్చింది. 2025 జనవరిలో అక్కడ కూతురికి గర్భస్రావ మాత్రలు తెప్పించిన తల్లిపైనా, మాత్రలు పంపిన న్యూయార్క్ డాక్టరుపైనా అభియోగాలు మోపారు. కూతురిని తల్లి బలవంతపెట్టిందని అధికారుల ఆరోపణ. కానీ బలవంతం లేకపోయినా ఆ మాత్రలు అక్కడ నేరమే. తల్లికి తెలియకపోతే పిన్నికి జైలు, తల్లికి తెలిసినా తల్లికి జైలు. టెక్సాస్‌లో కొన్ని కౌంటీలు, పట్టణాలు తమ రోడ్లకే ఇలాంటి నిబంధనలు పెట్టుకున్నాయి. అమరిల్లో ఓటర్లు మాత్రం 2024 నవంబరులో తిప్పికొట్టారు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల పిల్లలు పెరుగుతున్నదీ ఆ రాష్ట్రంలోనే.

మన దేశంలో గర్భస్రావ చట్టం కేంద్రానిది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లినా నిబంధన మారదు. 1971 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బాలికకు సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. అయితే సంరక్షకులంటే మైనర్ బాగోగులు చూసే వ్యక్తి అని నిర్వచనం. పిల్లను పెంచుతున్న పిన్ని ఇక్కడ సంతకం పెట్టవచ్చు. అసలు భయం మరోచోట ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. అందుకే ఎందరో బాలికలు ఆస్పత్రి గడప తొక్కకుండా నాటు వైద్యాన్ని నమ్ముకుంటున్నారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, బాలిక, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు పోలీసులకు ఇవ్వనక్కర్లేదని కొంత ఊరటనిచ్చింది.

2024 ఏప్రిల్‌లో ముంబైకి చెందిన పద్నాలుగేళ్ల అత్యాచార బాధితురాలికి దాదాపు 30 వారాల గర్భాన్ని తొలగించేందుకు అదే కోర్టు అనుమతించి, తల్లిదండ్రులు మనసు మార్చుకోవడంతో వారానికే ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఆ కేసులోనే, మైనర్ అభిప్రాయం సంరక్షకుల అభిప్రాయంతో విభేదిస్తే ఆమె మాటను కోర్టులు ముఖ్యాంశంగా పరిగణించాలని కూడా చెప్పింది. అది కోర్టు దాకా చేరిన అమ్మాయిల సంగతి. మామూలు ఆస్పత్రిలో 18 ఏళ్లలోపు పిల్లకు ఇప్పటికీ చట్టం అడిగేది సంరక్షకుల సంతకాన్నే.