రెండవ తాళము

మన సికిందరాబాదున తల్లిదండ్రులనేకులు బ్యాంకు పంపు ఓటీపీ నెఱుఁగుదురు గాని, ఫీజు రసీదులు మొదలు సమస్తమును నిలిచియుండు ఈమెయిలు ఖాతాకు ఒక్క పాస్‌వర్డుతోనే తృప్తినొందుచున్నారు. దానికి ఆథెంటికేటర్ యాపు అను రెండవ తాళము వలయునని మా యభిప్రాయము. 30 సెకండ్లకొకమాఱు మాఱునట్టి 6 అంకెల సంఖ్యను ఫోనే గణించును. అందులకు ఇంటర్నెట్టు గాని మన ఫోను నంబరు గాని అక్కఱలేదు. అట్టిచో నంబరు నడుగు యాపేల? ఆథీ యను యాపు వాడుకరుల నంబర్లు 2024లో బయటఁబడెను గదా! ఆండ్రాయిడు ఫోనునకు మేము ఏజిస్‌నే కోరుదుము: దాని ప్రోగ్రామును ఎవరైనను పరీక్షింపవచ్చును, అందలి రహస్యములకు పాస్‌వర్డు కాపు పెట్టవచ్చును. ఐఫోను గలవారికి ఎంటె ఆథ్ కలదు. ఎంటె యనఁగా మలయాళమున "నా యొక్క" యని యర్థము. ఏది యెన్నుకొన్నను దాని నకలు తీసి యింట వేఱొకచోట నుంచవలెను. స్టేషనులో ఫోను పోయిన దినమున ఆ నకలు లేనివారికి తమ ఖాతాలోనికిఁ దాము పోవుటయే దుర్ఘటము.