అవ్వ జాడీకి కన్నం వద్దు

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. ఈ మధ్య వాడికి ఇంట్లోనే బీరు తయారు చేసుకునే సరదా పట్టింది. పోయిన నెల ఫోన్ చేసి, "మామా, అవ్వ జాడీ ఊరికే పడుంది కదా. అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. అడుగున కన్నం వేయించి కొళాయి బిగిస్తా. మన ఇంటి జాడీలో మన చేతి బీరు, ఎట్లుంటుంది!" అన్నాడు. అక్కా వాడి వైపే. "ఇచ్చేయిరా, పదేళ్లుగా దాంట్లో కల్లుప్పు తప్ప ఏముంది?" అంది.

అక్క మాట నిజమే. అయినా నేను వద్దన్నాను. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

ముందే ఒక మాట. నా అభ్యంతరం బీరు మీద కాదు. వాడుండే దేశంలో 1978లో చేసిన చట్టం వల్ల, సొంతానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం అడ్డు చెప్పదు. వయసొచ్చినవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200. అమ్మడానికి మాత్రం లేదు. ఇక్కడ కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడమే నేరం. కాబట్టి ఇక్కడి పిల్లలెవరూ ఇది చదివి పూనుకోవద్దు. ఇది వాడి ఇంటి సంగతి.

పులియబెట్టడం మనకు కొత్తేమీ కాదు. కోలారు వైపు ఇళ్లలో రాగి అంబలి, దోసె పిండి, పెరుగు, ఆవకాయ, అన్నీ ఆ బాపతే. కానీ అవ్వ వీటన్నిటినీ ఒకే గిన్నెలో చేసిందా? అంబలికి మట్టి కుండ. ఆ కుండని ఆమె నీళ్లతో కడిగేది, అంతే. గట్టిగా తోమనిచ్చేది కాదు. నిన్నటి పులుపు కుండ గోడల్లో కొంచెం మిగిలి ఉంటేనే ఇవాళ్టి పిండి పులుస్తుంది. పెరుగుకి తోడు వేసినట్టు, అక్కడ కుండే తోడు.

బీరుది దీనికి పూర్తిగా ఎదురు దారి. మాల్టు నీళ్లని హాప్స్ వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, పాత్రలో పోసి ఈస్ట్ కలుపుతారు. తోడు అదే, బయటనుంచి వేసేది. అది పుంజుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో ఆ తియ్యటి నీళ్లకి కాపలా ఎవరూ ఉండరు. పాత్రలో పాత పులుపు గోరంత మిగిలి ఉన్నా అదే ముందు లేచి కూర్చుంటుంది. అంబలి కుండకు ఏది గుణమో బీరు పాత్రకు అదే దోషం.

ఇంక జాడీ. అవ్వ దాంట్లో ఆవకాయ పెట్టి, మూతి మీద తెల్లగుడ్డ వేసి వాసెన కట్టేది. గుడ్డలోంచి గాలి పోతుంది, వస్తుంది. అయినా ఆవకాయ ఎందుకు చెడదు? లోపల ఉప్పు ఉంది, పైన నూనె తేలి ఉంది. వాటి కాపలా చాలు. బీరులో ఆ ఉప్పూ లేదు, నూనే లేదు. అక్కడ కాపలా పాత్రే కాయాలి. లోపల పుట్టే గ్యాస్ బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. అందుకే మూతకి ఎయిర్‌లాక్ పెడతారు: కొంచెం నీళ్లున్న చిన్న గొట్టం, దాంట్లోంచి బుడగలు బయటికి పోతాయి, గాలి వెనక్కి రాదు. జాడీ మూత ఊరికే ఆనుకుని ఉండేది, దానికి ఆ బిగువు లేదు. పోనీ ఏదో పెట్టి గట్టిగా బిగిస్తే గ్యాస్‌కి జాడీయే పగలొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి కారం, నూనె తాగిన జాడీ అది. నూనె జిడ్డు తగిలితే బీరు నురగ నిలవదు. పైగా అంచున పూత పెచ్చు లేచింది. పాత పూతల్లో కొన్నిట్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే అది ఊరి బయటికొస్తుంది. మన జాడీలో ఉందో లేదో కంటికి కనబడదు. "మరి ఆవకాయా పులుపే కదా?" అంటారు. అవును. అందుకే అంచు లేచినప్పటినుంచి దాంట్లో ఆవకాయ మానేసి ఉప్పు పోశాం. ఇంక కన్నం వేస్తే ఆ చోట పూత పోయి లోపలి మట్టి బయటపడుతుంది, నెర్రె మొదలవుతుంది. నెర్రెలో దూరిన మురికిని ఏ బ్రష్షూ తీయలేదు.

మరి ఏం కొనాలి? నేను చేసిన మనిషిని కాను. వాడు పంపినవి చదివి, చేసేవాళ్లని అడిగి తెలుసుకున్నది ఇది.

అక్కడ మామూలుగా ఒకసారికి 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు చేస్తారు. మొదటి రెండు మూడు రోజులు నురగ బాగా పొంగుతుంది కాబట్టి 25 లీటర్ల పాత్ర ఉండాలి. గాజు బుడ్డి చూడ్డానికి ముచ్చటే, గీతలూ పడవు. కానీ నిండితే 25 కిలోల పైమాటే. తడి చేతుల్లోంచి జారితే కాళ్లు చేతులు కోసుకుపోతాయి. వెలుతురు తగిలితే హాప్స్ వల్ల బీరుకి చెడు వాసన కూడా వస్తుంది, గుడ్డ కప్పి పెట్టాలి. స్టీలు అన్నిటికంటే మేలు: వెలుతురు పోదు, పగలదు, తోమితే తళతళలాడుతుంది. స్టీలు సామాను మీద మన ఇళ్లకున్న నమ్మకం ఊరికే రాలేదు. ధర మాత్రం ఎక్కువ. తిండి పదార్థాలకని చేసిన మూత బకెట్ చవక, తేలిక. దానికి గీతలే శత్రువు. పీచు పెట్టి తోమితే గీతలు పడి వాటిలో క్రిములు చేరతాయి. మెత్తని గుడ్డతో కడగాలి, గీతలు పడితే ఇంకోటి కొనాలి.

నా మాట ఇది: మొదట కొళాయి లేని మామూలు బకెట్ కొనుక్కో. కొళాయి సందులు కడగడం మళ్లీ ఇంకో పని. ఏడాది తర్వాత కూడా ఈ సరదా ఉంటే స్టీలుది తీసుకో. గాజు జోలికి పోవద్దు, ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతోంది.

ఈ వాదనంతా జాడీ దాచుకోవడానికి వేసిన ఎత్తు అని అక్క అంటుంది. నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే చెప్తున్నా, జాడీ వాడికే. అది జత జాడీల్లో మిగిలిన ఒక్కటి. రెండోదానికి మేమే, బెంగళూరు ఇల్లు కట్టిన కొత్తలో, అందంగా ఉంటుందని అడుగున కన్నం వేసి మొక్క పెట్టాం. రెండు వానాకాలాలు తిరక్కుండా నిలువునా చీలింది. పాత సామాను మీద ప్రేమతోనే చేశాం ఆ పని. అవ్వ అప్పటికి బతికే ఉంది, ఏమీ అనలేదు. చీలిన పెంకులు మాత్రం తనే ఏరి తీసిపెట్టింది.

అంబలికి కుండ, ఆవకాయకి జాడీ, పాలకి స్టీలు గిన్నె అని ఎంచిన తెలివి అవ్వది. వాడు బీరుకి బకెట్ ఎంచుకుంటే అవ్వ దారిలో నడిచినట్టే. జాడీలో పోస్తే అవ్వ సామాను మాత్రం వాడినట్టు.

అబ్బాయ్, డిసెంబర్లో అమ్మ వస్తుంది. జాడీని పాత చీరల్లో చుట్టి ఇచ్చి పంపుతాను. పొయ్యి పక్కన పెట్టి ఉప్పు పోసుకో. కన్నం మాత్రం వద్దు.